అణా టిఫిన్ నుంచి నా పళ్లెం దాకా

మా బడిలో ప్రతి ఏడూ పిల్లల బరువు, ఎత్తు చూస్తారు. ఈసారి నా బరువు అందరి ముందూ గట్టిగా చదివారు. ఆ రోజు నుంచి వెనక బెంచీవాళ్లు నన్ను "లడ్డూ" అని పిలవడం మొదలుపెట్టారు. పైకి నవ్వేశాను. మర్నాటి నుంచి మాత్రం మధ్యాహ్న భోజనం మానేశాను. రాత్రి కూడా మా అవ్వకు తెలియకుండా సగం అన్నం కుక్కకు పెట్టేదాన్ని. పదో రోజు ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయాను.

మా సాంఘికశాస్త్రం టీచర్ నన్ను తిట్టలేదు. "నువ్వు వద్దన్న ఆ పళ్లేనికి వందేళ్ల చరిత్ర ఉంది. అది తెలుసుకుని వ్యాసం రాయి" అన్నారు. అదే ఈ వ్యాసం.

మన చెన్నైలో బడి పిల్లలకు టిఫిన్ పెట్టడం 1920లో మొదలైంది. అప్పుడు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. మనం రోజూ చెప్పే టీ నగర్ పేరు ఆయనదే. థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పేద పిల్లలు ఆకలికి తట్టుకోలేక చదువు మానేస్తున్నారని, ఒక్కో పిల్లవాడికి రోజుకు అణాకు మించకుండా టిఫిన్ పెట్టాలని కార్పొరేషన్ తీర్మానించింది. రూపాయికి పదహారు అణాలు. తర్వాత ఇంకో నాలుగు బడుల్లో కూడా పెట్టారు. ఆ బడుల్లో పిల్లలు రెండేళ్లలో 811 నుంచి 1,671 మంది అయ్యారు. కానీ 1925లో ప్రభుత్వం ఈ ఖర్చుకు ఒప్పుకోకపోవడంతో టిఫిన్ ఆగిపోయింది. అదే ఏడు త్యాగరాయ చెట్టిగారు కూడా చనిపోయారు. రెండేళ్ల తర్వాత మళ్లీ కొందరు పేద పిల్లలకు మొదలుపెట్టారు.

1956లో ముఖ్యమంత్రి కామరాజ్ గారు ఈ భోజనాన్ని రాష్ట్రంలోని ఊళ్లకు తీసుకెళ్లారు. ఊరివాళ్లు కూడా బియ్యం, డబ్బు ఇచ్చారు. మా అవ్వ ఆ అన్నం తిన్నది. "ఇంట్లో రాగి సంగటి ఒక పూటే. బళ్లో అన్నం ఉందనే నన్ను మా నాయన బడికి పంపించాడే. లేకపోతే మేకలే కాసేదాన్ని" అని చెప్పింది. అప్పుడు బక్కగా ఉన్న పిల్లల్ని చూసి టీచర్లు బాధపడేవాళ్లట. ఇప్పుడు లావుగా ఉన్నవాళ్లను చూసి మనం నవ్వుతున్నాం.

1982 జూలై 1న ఎం.జి.ఆర్. గారు పౌష్టికాహార పథకం మొదలుపెట్టారు. ముందు పల్లెల్లో, సెప్టెంబరులో పట్టణాల్లో. 1984లో పదిహేనేళ్ల పిల్లల దాకా పెంచారు. అంటే నా వయసువాళ్లకు అన్నం అప్పుడే వచ్చింది. 1989లో రెండు వారాలకు ఒక గుడ్డు చేర్చారు. 2022లో చిన్న తరగతులకు పొద్దున టిఫిన్ కూడా వచ్చింది. ఒక్క గుడ్డు పళ్లెంలోకి రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. నేను దాన్ని పదిరోజులు వద్దన్నాను.

మా పెద్దమ్మ కూతురు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఆమెకు నా బరువు చీటీ చూపించాను. అందులోని బీఎంఐ లెక్కకు కూడా చరిత్ర ఉందని అక్క చెప్పింది. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించే ఆ లెక్క బెల్జియం దేశపు క్వెట్లెట్‌ది. ఆయన డాక్టరు కాదు, నక్షత్రాలు చూసే శాస్త్రవేత్త. 1830ల్లో చాలామంది మనుషుల సగటు తెలుసుకోవడానికి చేశాడు. బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. పెద్దవాళ్ల పట్టిక పిల్లలకు పనికిరాదు, వయసు, ఆడా మగా చూసి వేరే పట్టికతో పోల్చాలి. "ఎదిగే వయసులో బరువు పెరగాలి కదే. అనుమానముంటే డాక్టర్‌ను అడగాలి, అన్నం మానకూడదు" అంది. "మరి నువ్వు పొద్దున తింటావా అక్కా?" అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. పరీక్షలప్పుడు టీ తాగి వార్డుకు పోతుందట. ఇకనుంచి ఇద్దరం తిన్నాక ఒకరికొకరు చెప్పుకోవాలని ఒప్పందం చేసుకున్నాం.

ఇప్పుడు నేను రోజూ పంక్తిలో కూర్చుని తింటున్నాను. సాయంత్రం చెల్లెలితో స్కిప్పింగ్ ఆడుతున్నాను. "లడ్డూ" అనే పిలుపు పూర్తిగా పోలేదు. కానీ టీచర్ చెప్పాక బరువు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి చూస్తున్నారు.

స్నేహితులారా, పక్కవాళ్ల బరువు మీద జోకు వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. పిల్లలు ఆకలితో ఉండకూడదని పెద్దలు వందేళ్లు కష్టపడ్డారు. మన మాట వల్ల ఎవరూ పళ్లెం ముందు నుంచి లేచిపోకూడదు.