చేపకు కొలత, వేటకు మితి

శతపథ బ్రాహ్మణమునందును, మహాభారతమున అరణ్యపర్వమునందును మనువు కథ కలదు. చేతికి చిక్కిన ఒక చిఱుచేప, పెద్దచేపల నోట పడకుండ తన్ను కాపాడుమని ఆతనిని వేడుకొనెను. మనువు దానిని మొదట కుండలో పెంచి, ఎదిగినకొలది పెద్ద నీటికి మార్చి, తుదకు సముద్రమున విడిచెను. ప్రళయము వచ్చినపుడు ఆ చేపయే ఆతని ఓడను లాగి పర్వతశిఖరము చేర్చెను. చిన్నదానిని ఎదుగనిచ్చినవాడే తాను బ్రదికెను. వేడుకకై గాలము వేయువారికి నేడు పలు దేశములలో విధించిన నియమములకు మూలభావము ఇదియే.

మన దేశమున చేపలవేటకు హద్దు గీచిన ప్రాచీన శాసనములలో అశోకునిది ముఖ్యము. పట్టాభిషేకమైన 26వ యేట వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున ఆయన కొన్ని జాతుల చేపలను చంపరాదనియు, చాతుర్మాస్య పౌర్ణములయందును, తిష్య పౌర్ణమియందును, ఉపవాసదినములయందును చేపలను చంపుటగాని అమ్ముటగాని కూడదనియు ఆజ్ఞాపించెను. అది జాతికిని దినమునకును పెట్టిన హద్దు. పరిమాణమునకు పెట్టినది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాస’మున మత్స్యవినోదమను ప్రకరణము నుంచి, చేపల జాతులను, వాటి కిడవలసిన ఆహారమును, గాలపుత్రాటిని గూర్చి వివరించెను. చేపలవేట ఆనాటికే రాజులకు వినోదవిద్యగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

చేపకు అంగుళములలో కొలత పెట్టిన పాతచట్టములలో ఆంగ్లదేశపుది పేర్కొనదగినది. మొదటి ఎలిజబెత్తు రాణి యేలుబడి తొలియేట, 1558-59లో, చేపపిల్లల రక్షణకై చేసిన ఆ చట్టము ప్రకారము 16 అంగుళములకు తక్కువైన సాల్మను, 12కు తక్కువైన బార్బెలు, 10కి తక్కువైన పైకు, 8కి తక్కువైన ట్రౌటు పట్టరాదు. అన్ని చేపలకు ఒకే కొలత పెట్టక, జాతినిబట్టి వేఱువేఱుగా నిర్ణయించుట గమనింపదగినది. 1878లో అచ్చటనే మఱియొక చట్టము వచ్చి, పలుజాతుల మంచినీటి చేపలకు మార్చి 15 మొదలు జూన్ 15 వఱకు గ్రుడ్లు పెట్టుకాలమని వేటను నిలిపెను.

ఈ ఆలోచన దొరలతో మన దేశమునకు వచ్చెను. మదరాసు సివిల్ సర్వీసున నుండిన హెన్రీ సల్లివన్ థామస్ మన నదులలో గాలపువేటను గూర్చి 1873లో గ్రంథము ప్రకటించెను. ఆ యేడే ఫ్రాన్సిస్ డే తన నివేదికలో, సన్నకన్నుల వలలును బుట్టలును చేపపిల్లలను నాశనము చేయుచున్నవని తెలిపెను. మదరాసు ప్రభుత్వము 1879లో నీలగిరులకు జంతువుల, చేపల రక్షణచట్టము చేసెను. 1897 నాటి భారత మత్స్యచట్టము మందుగుండుతోను విషముతోను చేపలు చంపుటను నేరముగా జేసి, వలల కొలతను నియమించు అధికారమును ప్రభుత్వముల కిచ్చెను.

అయినను కొలత ఉన్నంతమాత్రమున చాలదు. అది సరియైన కొలత కావలెను. ఐరోపా సముద్రములలోని సీబాస్ చేపకు చిరకాలము 36 సెంటీమీటర్లు కనీసపుకొలతగా నుండెను. కాని ఆడుచేప గ్రుడ్లు పెట్టు ఈడు వచ్చుసరికి ఇంచుమించు 42 సెంటీమీటర్లగును. అనగా తల్లి కాకమున్నే దానిని పట్టుట చట్టసమ్మతమై యుండెను. చేప తఱిగిపోయిన పిదప, 2015 మార్చిలో వేడుకవేటకానికి దినమునకు మూడే చేపలని లెక్క కట్టిరి. సెప్టెంబరులో కొలతను 42కు పెంచిరి. మఱుసటి యేట మొదటి ఆఱు నెలలు పట్టినదానిని విడిచివేయవలెననియు, తరువాత దినమునకు ఒక్కటియే యనియు బిగించిరి. మొదటనే కొలత సరిగా నుండిన ఇంత కట్టడి అవసరమై యుండదు.

పెద్దచేపకును రక్షణ కావలెనని పిమ్మట గుర్తించిరి. బలిసిన తల్లి చిన్నతల్లికంటె ఎన్నో రెట్లు గ్రుడ్లు పెట్టును. కావుననే ఫ్లోరిడాలో రెడ్ డ్రమ్ అను చేపను 18 అంగుళములకు తక్కువైనను, 27కు మించినను నీటిలో విడువవలెనని నియమించిరి.

ఇచట న్యాయవిచారమొకటి కలదు. గాలము వేయువాడు ఒక్కొక్క చేపను చేతబట్టి కొలిచి విడువగలడు. వల వేసి పొట్టపోసికొనువానికి ఆ వీలు తక్కువ. అతనికి వలకన్నే కొలబద్ద. వేడుకకై పట్టువాని నియమమును జీవనాధారముగా పట్టువానిపై అట్లే రుద్దుట ధర్మము కాదు. కాని వేడుకవాడు హద్దు మీఱిన ఆ నష్టము పేద బెస్తవాని వలలోనే మొదట కనబడును.

తొలకరి వఱదకు కడుపునిండ గ్రుడ్లతో ఎదురేగు చేపలను అలుగుకడ బుట్టలొగ్గి పట్టుట మన పల్లెలలో ఎఱుగనివారుండరు. ఆ పది దినములు బుట్ట తీసివేసినచో, దానికి చట్టమక్కఱలేదు, జరిమానా అక్కఱలేదు. మఱుసటి యేటి చెఱువు ఆ తల్లుల కడుపులోనే యున్నది.