శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం

భారత శాంతి పరిరక్షక దళం 1987 జూలై నుండి 1990 మార్చి వరకు శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతములలో విధులు నిర్వహించిన భారత సైనిక దళము. తమిళ పౌరులపై అకృత్యాలకు పాల్పడినదన్న ఆరోపణలను ఎదుర్కొంటున్న ప్రభుత్వంతోనే ఒడంబడిక చేసుకొని, దాని అంగీకారంతో సైన్యాన్ని పంపడం సమంజసమేనా అన్న వివాదం ఆనాడే మొదలైనది. అది నేటికీ తేలలేదు.

నేపథ్యం

1981 మే 31 రాత్రి మొదలైన అల్లర్లలో యాళ్పాణం (జాఫ్నా) ప్రజా గ్రంథాలయం దగ్ధమైనది. సుమారు 97,000 పుస్తకాలు, వాటితోపాటు మరెక్కడా ప్రతి లేని తాళపత్రాలు బూడిదయ్యాయి. పోలీసులకు ఇందులో పాత్ర ఉన్నదని ప్రత్యక్ష సాక్షులు చెప్పారు. మనుషుల ప్రాణాలు పోయిన వృత్తాంతంలో పుస్తకాల ప్రస్తావన చిన్నదిగా తోచవచ్చు గాని, తమిళుల మనసులలో ఆ గాయం మానలేదు.

1983 జూలై 23న పులుల దాడిలో 13 మంది సైనికులు మరణించగా, కొలంబో మొదలైన చోట్ల తమిళులపై మారణకాండ జరిగినది. వెలికడ కారాగారంలో రెండు దినాలలో 53 మంది తమిళ ఖైదీలు హతులయ్యారు. అప్పటి విదేశాంగ మంత్రి పి.వి.నరసింహారావు ఆ నెలాఖరునే కొలంబో వెళ్ళి భారత ఆందోళనను తెలియజేశారు. ఒకవైపు ఇట్లు మధ్యవర్తిత్వం నెరపుతూనే, మరొకవైపు భారతదేశం తమిళ సాయుధ వర్గాలకు రహస్యంగా శిక్షణ, ఆయుధాలు సమకూర్చినది. తరువాతి చిక్కులకు బీజం ఇక్కడే ఉన్నది.

ఒప్పందం

1987 వేసవిలో శ్రీలంక సైన్యం వడమరాచ్చిపై దాడి చేసినది. భారతదేశం పంపిన సహాయ పడవలను శ్రీలంక నౌకాదళం జూన్ 3న త్రిప్పి పంపగా, మరుసటి దినమే భారత విమానాలు యాళ్పాణంపై ఆహార పదార్థాలు జారవిడిచాయి. ఎనిమిది వారాలు తిరుగక ముందే, జూలై 29న, రాజీవ్ గాంధీ, జె.ఆర్.జయవర్ధనే కొలంబోలో ఒప్పందంపై సంతకాలు చేశారు. మరునాడు గౌరవ వందన సమయంలో ఒక శ్రీలంక నావికుడు తుపాకి మడమతో రాజీవ్‌పై దాడి చేశాడు.

తమిళ భాషకు అధికార హోదా, ఉత్తర-తూర్పు రాష్ట్రాల తాత్కాలిక విలీనం, సాయుధ వర్గాల నిరాయుధీకరణ ఇందలి ముఖ్యాంశాలు. శ్రీలంక ప్రభుత్వం కోరినచో భారతదేశం సైనిక సహాయం అందించవలెను. కాని ఆయుధాలు దించవలసిన పులులు ఇందులో సంతకందారులు కారు.

యుద్ధం

1987 సెప్టెంబరు 26న పులుల నాయకుడు తిలీపన్ నిరాహార దీక్షలో మరణించాడు. అక్టోబరులో శ్రీలంక నిర్బంధంలో ఉన్న 12 మంది పులులు సయనైడు మింగి ప్రాణాలు తీసుకున్నారు. అదే నెలలో భారత సైన్యం 'ఆపరేషన్ పవన్' ప్రారంభించినది. యాళ్పాణం విశ్వవిద్యాలయ ఆవరణలో హెలికాప్టర్ల నుండి దిగిన సిక్కు దళంలోని 30 మందిలో 29 మంది మరణించారు.

రక్షించడానికి వెళ్ళిన సైన్యంపైనే అకృత్యాల ఆరోపణలు వచ్చాయి. అక్టోబరు 21, 22 తేదీలలో యాళ్పాణం ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు సహా అరవై మందికి పైగా మరణించారు. పులులు అక్కడినుండి కాల్పులు జరిపినందున ఎదురు కాల్పులలో చనిపోయారని సైన్యం పేర్కొనగా, ప్రాణాలతో బయటపడినవారు అందుకు భిన్నంగా చెప్పారు.

వాదోపవాదాలు

ఒప్పందాన్ని సమర్థించినవారు, భారత్ వెళ్ళకపోయినచో శ్రీలంక సైన్యం యాళ్పాణాన్ని ధ్వంసం చేసి ఉండెడిదనీ, అన్య దేశాలు అక్కడ కాలు మోపేవనీ వాదించారు. అధికార వికేంద్రీకరణకు ఆధారమైన 13వ రాజ్యాంగ సవరణ (1987 నవంబరు) ఆ ఒత్తిడి ఫలితమేనన్నది వారి బలమైన వాదన. విమర్శకులు మాత్రం, తమిళుల రక్షణకని వెళ్ళి తమిళులతోనే పోరాడవలసి వచ్చుటను ఎత్తి చూపారు. సింహళులలో జనతా విముక్తి పెరమున దీనిని పరాయి ఆక్రమణగా చిత్రించి తిరుగుబాటు సాగించినది. ఇరుపక్షాలకూ భారత సైన్యం శత్రువైనది.

ఉపసంహరణ

1989 జూన్‌లో అధ్యక్షుడు ప్రేమదాస సైన్యం వెళ్ళిపోవలెనని కోరారు. అంతేగాక ఆయన ప్రభుత్వం పులులకు ఆయుధాలు సైతం అందజేసినది. వి.పి.సింగ్ ప్రభుత్వ కాలంలో, 1990 మార్చి 24న చివరి దళం ఓడ ఎక్కినది. సుమారు 1,200 మంది భారత సైనికులు మరణించారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించినది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని పులులు హత్య చేశారు. 1993 మే 1న ప్రేమదాస కూడా ఆత్మాహుతి దాడిలోనే మరణించారు.

ఒప్పందం ద్వారా ఏర్పడిన ఉత్తర-తూర్పు విలీనం చెల్లదని 2006లో శ్రీలంక సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఉత్తర రాష్ట్ర మండలికి తొలి ఎన్నికలు 2013లో జరిగాయి.