స్లాబ్, బిల్లు, వేడి: నల్లగొండ ఇళ్ల చరిత్రలో వదిలేసిన అధ్యాయం

ఇంధనం ఆదా చేసే ఇళ్ల చరిత్రను మన దగ్గర 2001 నాటి ఇంధన పొదుపు చట్టంతో మొదలుపెట్టడం అలవాటైంది. 2007లో కేంద్రం భవనాల ఇంధన కోడ్ తెచ్చింది, 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది, 2018 డిసెంబరులో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ వచ్చింది అంటూ వరుస చెబుతారు. అంతకుముందంతా మట్టిగోడల చల్లని కాలమనీ, జనమే మోజుపడి సిమెంటు వెంట పోయారనీ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లను చూస్తే ఈ రెండు మాటలూ నిలవవు. ఇక్కడి ఇంటి వేడిని నిర్ణయించినవి ఇంధన నిబంధనలు కావు, గృహనిర్మాణ పథకాల నిబంధనలు.

పాత ఇళ్ల సంగతి తెలిసిందే. మూరెడు మందం మట్టిగోడో రాతిగోడో, పైన గూనపెంక, నడుమ ఆకాశం కనిపించే భవంతి. పగటి ఎండ గోడ దాటి లోపలికి చేరేలోగా పొద్దు గూకేది. కానీ అలాంటి ఇళ్లు ఊరికి కొన్నే. అవి దొరలవి, పట్వారీలవి, షావుకార్లవి. కూలి జనానికి తాటికమ్మల గుడిసెలే గతి. గుడిసె చల్లగానే ఉండేది. ఒక్క నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదయ్యేది కూడా. 1946లో హైదరాబాదులో సిమెంటు రేకుల కంపెనీ పుట్టింది. రేకుల కప్పు నిప్పుకు తట్టుకుంది గానీ ఎండను ఆపలేదు.

అసలు మలుపు 1979 తర్వాత వచ్చింది. ఆ ఏడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. బలహీన వర్గాలకు ‘పక్కా ఇల్లు’ ఇవ్వడం దాని పని. జనాభా లెక్కల్లో మట్టిగోడ, తాటికమ్మ కచ్చా కిందికే వస్తాయి. అంటే ఎండను బాగా ఆపే రెండు వస్తువులూ కాగితం మీద ఇంటి సామగ్రే కాకుండా పోయాయి. స్లాబ్ ఒక్కరోజులో రాలేదు. మొదటి కాలనీల్లో పెంకు, రేకు, బండల కప్పులూ ఉన్నాయి. 1982లో సిమెంటు మీద నియంత్రణ కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశాక లెక్క మారింది. మన జిల్లాకు అది ఢిల్లీ వార్త కాదు. నార్కట్‌పల్లి దగ్గర చీలే అద్దంకి రోడ్డు నల్లగొండ, మిర్యాలగూడ దాటి వాడపల్లి చేరుతుంది. అప్పటి రాశి సిమెంటు ఫ్యాక్టరీ అక్కడిదే. అంతకుముందు పర్మిట్ కోసం తిరిగి తెచ్చుకోవాల్సిన బస్తా ఊరి దుకాణంలో దొరకసాగింది. అదే కాలంలో గూనలు చేసే కుమ్మరులు తగ్గారు. ఏటా వానలకు ముందు పెంక మర్లేసే మనిషి దొరకడం కష్టమైంది, కోతులు పగలగొట్టిన పెంకకు బదులు దొరకడం ఇంకా కష్టమైంది.

దీన్ని మోజు అనడం అన్యాయం. గుడిసెలో పుట్టి పెరిగిన దళితవాడ కుటుంబానికి కురవని, కాలని కప్పు దక్కింది. దొర ఇంటికీ తన ఇంటికీ ఒకే కప్పు కావడం చిన్న సంగతి కాదు. కాబట్టి స్లాబ్‌ను నేను తప్పుపట్టను. దాన్ని బోసిగా వదిలేసిన నమూనాను తప్పుపడతాను. సంహిత ప్రకారం కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. బోసి స్లాబ్ 3 వాట్లకు పైగా దింపుతుంది. మే నెలలో పొద్దు గూకాక సీలింగుకు చెయ్యి ఆనించి చూడండి, సెగ తగులుతుంది. ఫ్యాన్ ఆ సెగనే మంచం మీదికి తోస్తుంది.

ఇక ఇప్పటి నిబంధనలు. సంహిత 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల స్థలం నుంచే వర్తిస్తుంది. 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాల లోపు నివాసాలకు ఐచ్ఛికం. చిట్యాల, నకిరేకల్ వంటి పురపాలికల్లో 2020 నాటి భవన అనుమతుల చట్టం టీఎస్‌ బీపాస్ 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి ఇస్తుంది. 75 గజాల లోపైతే అనుమతే అక్కర్లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మంచి చట్టమది. అయినా మూడూ ఒకే గీత దగ్గర ఆగాయి. ఈ ప్రాంతంలో 100, 200 గజాల్లో కట్టుకునేవాళ్లంతా ఆ గీతకు ఇవతలే ఉన్నారు. ఏసీ పెట్టుకోగలిగిన ఇంటికి రక్షణ, ఫ్యాన్ తప్ప దిక్కులేని ఇంటికి స్వేచ్ఛ! ఇది నాకు మింగుడు పడదు.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షలు ఇస్తూ కనీసం 400 చదరపు అడుగులు కట్టమంటోంది. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ పూర్తయ్యేకొద్దీ బిల్లు వస్తుంది. పేదవాడి ఇంటి మీద ఇంతకంటే గట్టిగా పనిచేసే నిబంధన ఏ కోడ్‌లోనూ లేదు. ఆఖరి బిల్లుకు ముందు స్లాబ్ మీద తెల్ల పెంకులున్నాయా, పడమటి కిటికీకి సజ్జ ఉందా, గాలి అటునుంచి ఇటు పారుతుందా అని ఇంజినీరు చూస్తే చాలు. పెంకులకు బదులు సున్నం వేయడం చవకే గానీ అది వానలకు వెలుస్తుంది, ఏటా వేయాలి. ఏది వేసినా ఆ ఖర్చు 5 లక్షలకు అదనంగా ఇవ్వాలి. లేకపోతే ఇప్పటికే ఇసుకకు, సలాకకు అప్పుచేసిన కుటుంబం మీద అదీ పడుతుంది.