తుత్తునాగం ఎందుకు ఆలస్యంగా దొరికింది?

లోహాలు కరిగే ఉష్ణోగ్రతల పట్టిక చూడండి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 దగ్గర, జింకు 420 దగ్గర కరుగుతాయి. రాగికి 1085, ఇనుముకు 1538 డిగ్రీలు కావాలి. ఈ లెక్కన జింకు ఇనుము కంటే ముందే మనిషికి దొరికి ఉండాలి కదా! కానీ మన దేశంలో ఇనుము వాడకం మొదలై 3000 ఏళ్లు దాటింది. జింకును విడి లోహంగా పెద్ద ఎత్తున తీయడం చాలా కాలం తర్వాతి మాట. ఎందుకని?

జవాబు మరిగే ఉష్ణోగ్రతలో ఉంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి దాన్ని విడదీయాలంటేనేమో బొగ్గుతో కలిపి సుమారు 1000 డిగ్రీలు, అంతకు పైన వేడి చేయాలి. అంటే లోహం పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. మామూలు కొలిమిలో ఆ ఆవిరి పొగతో పైకి పోయి, గాలి తగిలి తెల్లటి పొడిగా మారిపోతుంది. అడుగున ముద్ద ఏమీ మిగలదు. అందుకే పూర్వం ఇత్తడి చేసేవాళ్లు జింకును కంటితో చూడకుండానే, దాని ఖనిజాన్ని రాగితో, బొగ్గుతో కలిపి మూసలో కాల్చేవాళ్లు.

ఈ చిక్కును విప్పినవాళ్లలో రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరున్న జావర్ పనివాళ్లు ముఖ్యులు. 14వ శతాబ్దం నాటికే అక్కడ ఈ పని సాగింది. వాళ్లు ఆవిరిని పైకి పోనివ్వకుండా కిందికి దించారు. ఖనిజాన్ని కాల్చి, బొగ్గు కలిపి ఉండలు చేసి, వంకాయ ఆకారపు మట్టి మూసలో నింపేవారు. మూతికి మట్టి గొట్టం అతికి, మూసను బోర్లించి కొలిమిలో పెట్టేవారు. ఒక కొలిమిలో 36 మూసలు పట్టేవి. పైన మంట, మధ్యలో చిల్లుల పలక, దాని కింద చల్లని అర ఉండేవి. ఆవిరి గొట్టంలోంచి దిగి, చల్లబడి, చుక్కలుగా గిన్నెలో పడేది.

పైన వేడి 907 డిగ్రీలు బాగా దాటాలి. కింద 907కీ 420కీ మధ్య ఉండాలి. కింద వేడి ఎక్కువైతే ఆవిరి పోతుంది, తక్కువైతే గొట్టంలోనే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. థర్మామీటర్ లేని రోజుల్లో 36 మూసలకీ ఒకేసారి ఇది కుదరాలంటే ఎంత అనుభవం ఉండాలో ఆలోచించండి.

తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి జింకుతో పోత పోయడం సులువు. మా కర్ణాటకలోని బీదర్‌లో బిద్రీ పాత్రలు పోసేది ఎక్కువ పాలు జింకు, కొద్దిగా రాగి కలిపిన లోహంతోనే. తెలుగులో జింకును తుత్తునాగం అంటారు. యూరప్ వర్తకులు ‘టుటెనాగ్’ అన్నది కూడా ఈ మాటలాగే ఉంటుంది.

ఇంగ్లండులో విలియం ఛాంపియన్ జింకు తీసే పద్ధతికి 1738లో పేటెంటు పొందాడు. అతని పద్ధతిలోనూ ఆవిరి కిందికే దిగుతుంది. జావర్‌లో 1980లలో తవ్వకాలు జరిపినప్పుడు పాత కొలిములు వరసలుగా బయటపడ్డాయి. అక్కడ వాడేసిన మూసలు గుట్టలుగా ఉన్నాయి, ఇళ్ల గోడల్లో కూడా వాటినే పేర్చారు. ఛాంపియన్ పేరుకు పేటెంటు కాగితం ఉంది. జావర్ పనివాళ్లకు ఆ మట్టి మూసలే సాక్ష్యం. జింకు చరిత్ర చెప్పేటప్పుడు వాళ్లతోనే మొదలుపెట్టడం న్యాయం.