క్యాన్సర్ ఔషధవాహకాలుగా నానోకణాలు: లైపోసోముల చరిత్ర

1. ఉపోద్ఘాతం:

తప్పక ఫలించే మందును తెలుగువారు రామబాణం అంటారు. క్యాన్సర్ చికిత్సలో నానోకణాల పాత్రను వివరించే రచనలు అనేకం ఈ భావననే కలిగిస్తాయి: మందు నేరుగా కణితిని చేరుతుందని, తక్కిన శరీరాన్ని తాకదని. ఈ రంగంలో తొలితరం ఔషధమైన డాక్సిల్ చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసి ఉంటుంది.

2. లైపోసోముల ఆవిర్భావం:

ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాలు నీటిలో వాటంతటవే సూక్ష్మగోళాలుగా ఏర్పడతాయని 1960వ దశకంలో ఇంగ్లండులోని బాబ్రహాంలో పనిచేసిన అలెక్ బాంగమ్ గుర్తించారు. అవే లైపోసోములు. ఆయన వాటిని కణత్వచానికి నమూనాగా అధ్యయనం చేశారు. వాటిలో మందు నింపి శరీరంలోకి పంపవచ్చునన్న ఆలోచనకు 1970వ దశకంలో గ్రెగరీ గ్రెగోరియాడిస్ పరిశోధనలు బాట వేశాయి. అయితే రక్తంలో చేరిన లైపోసోములను కాలేయంలోను, ప్లీహంలోను ఉండే భక్షక కణాలు త్వరగా తొలగించేవి.

3. డాక్సిల్ రూపకల్పన:

డాక్సోరూబిసిన్ శక్తిమంతమైన క్యాన్సర్ మందు. కాని శరీరానికి అందిన మొత్తం పెరిగేకొద్దీ అది గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుచేత ఒక రోగికి జీవితకాలంలో ఇవ్వదగిన మోతాదుకు పరిమితి ఏర్పడింది. జెరూసలేంకు చెందిన యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, అల్బెర్టో గాబిజోన్ ఈ మందును సుమారు 100 నానోమీటర్ల లైపోసోములలో ఇమిడ్చే కృషికి నాయకత్వం వహించారు. లోపలి అమ్మోనియం సల్ఫేట్ మందును పట్టి ఉంచింది. పైనున్న పాలిఇథిలీన్ గ్లైకాల్ పూత భక్షక కణాల బారిన పడకుండా కాపాడింది. ఎయిడ్స్ రోగులలో కనిపించే కపోసి సార్కోమా చికిత్సకై 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని ఆమోదించింది.

4. ఆశయం - ఫలితం:

కణితిలోని రక్తనాళాల గోడలు సందులతో ఉండి బృహదణువులను లోనికి రానిస్తాయని, అవి అక్కడే పేరుకుంటాయని 1986లో జపాన్ పరిశోధకులు మాట్సుమురా, మయెదా ప్రతిపాదించారు. నానోకణాలపై పెరిగిన ఆశలకు ఇదే ప్రధాన ఆధారం. అయితే పదేళ్ల జంతుప్రయోగాలను క్రోడీకరించిన 2016 నాటి సమీక్ష ప్రకారం, కణితిని చేరిన నానోకణాల మధ్యగత విలువ ఇచ్చిన మోతాదులో 0.7 శాతమే. రొమ్ము క్యాన్సర్ ముదిరిన 509 మంది స్త్రీలపై జరిపి 2004లో ప్రకటించిన అధ్యయనంలో డాక్సిల్, మామూలు డాక్సోరూబిసిన్ వ్యాధిని దాదాపు సమానంగానే అదుపు చేశాయి. గుండెకు కలిగే హాని మాత్రం డాక్సిల్‌తో గణనీయంగా తగ్గింది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి నొప్పిపెట్టడం మాత్రం పెరిగింది.

5. ముగింపు:

దీనినిబట్టి డాక్సిల్ సాధించిన ప్రధాన విజయం కణితిని ఛేదించడంలో కంటె గుండెను కాపాడటంలో ఉందని తేలుతుంది. చికిత్స కొనసాగించవలసిన రోగికి అది చిన్న మేలు కాదు. చరిత్రరచన ఆ మేలును ఉన్నంతగానే చెప్పాలి. రామబాణమని చెబితే రోగిలో తీరని ఆశను పెంచినట్లవుతుంది.