వాడగన్నేరు

మా అవ్వ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో దేవగన్నేరు నాటనివ్వలేదు. తుంచితే పాలు కారే చెట్టు గడపలో ఉండకూడదని ఆమె పట్టు. జిల్లేడు, జెముడు, ఇది, మూడూ ఆమె లెక్కలో ఒకటే జాతి. వీధి చివర చెట్టు కింద రాలిన పూలు ఏరుకుని ఆడుకోవచ్చు గానీ జడలో పెట్టుకోకూడదు, దేవుడి పటానికి అసలే వద్దు. "పేరులోనే దేవుడున్నాడు కదవ్వా" అంటే, "పేరుకేముందే, ఎవరైనా పెడతారు" అనేది.

నాకు డెబ్భై దాటాయి. తిరుత్తణిలో అదే ఇంటి డాబా మీద, పెరట్లో, మెట్ల పక్కన కలిపి నలభై ఒక్క తొట్లు. అన్నీ అవ్వ వద్దన్న చెట్లే. ఆమె ఫోటో ముందు రోజూ ఒక పువ్వు పెడుతున్నాను. ఇంతవరకూ ఏమీ అనలేదు.

బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. మొక్క కొంటే నీళ్ళు పోసేలోపే దాని పేరు విప్పి చూస్తాను. దీనికి మనవాళ్ళు పెట్టిన పేర్లు దేవగన్నేరు, వాడగన్నేరు, వేయివరహాలు. కొందరు నూరువరహాలనీ అంటారు గానీ, మాకు ఆ పేరు ఎర్రగా గుత్తులు పూసే పొదది. పక్కింటి తమిళ ఆవిడ కళ్ళిమందారై అంటుంది. తమిళంలో దీనికి ఇంకో పాత పేరు ఈళత్తలరి. ఈళమంటే సింహళం, అలరి అంటే గన్నేరు. అంటే సింహళం గన్నేరు. సింహళంవాళ్ళేమో దీన్ని అరలియ అంటారు. వాళ్ళ మాట మన అలరిలాగే వినిపిస్తుంది. ఇక్కడివాళ్ళు అక్కడి పేరు పెట్టారు, అక్కడివాళ్ళ నోట ఇక్కడి పేరు పలుకుతోంది!

వాడగన్నేరు దగ్గర నేను చాన్నాళ్ళు ఆగిపోయాను. ఓడను వాడ అనడం తెలుగులో ఉంది. చీరాల దగ్గర వాడరేవు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అయితే వాడగన్నేరు ఓడ దిగిన గన్నేరే అయ్యుండాలి. ఇది నా ఊహ. పండితులు కాదంటే వాదనకు దిగను, కానీ మార్చుకోను కూడా.

ఓడ మాట మాత్రం ఊహ కాదు. ఈ చెట్టు పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరేబియన్ దీవులు. పదిహేడో శతాబ్దం చివర్లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ పంపగా షార్ల్ ప్లుమియె అనే సన్యాసి మూడుసార్లు ఆ దీవులకు వెళ్ళి మొక్కల బొమ్మలు గీసుకొచ్చాడు. బెగోనియా, మాగ్నోలియా, ఫుషియా, ఇవన్నీ ఆయన ఇతరుల గౌరవార్థం పెట్టిన పేర్లు. నాలుగోసారి ఓడెక్కబోతూ 1704లో స్పెయిన్ తీరాన కన్నుమూశాడు. ఆయన పేరేమో ఈ చెట్టుకు దక్కింది. లిన్నేయస్ 1753లో తన పుస్తకంలో ప్లుమేరియా అని ఖాయం చేశాడు.

మిరప, జామ, బొప్పాయి, సీతాఫలం కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకున్న పండుకే సముద్రం అవతల పుట్టుక ఉండగా, దేవుడి పేరు పెట్టుకున్న పువ్వుకు ఉంటే తప్పేముంది? పాత గుడి స్తంభం మీద ఐదు రెక్కల పువ్వు కనపడగానే "చూడండి, దేవగన్నేరు, వెయ్యేళ్ళ నాటిది" అనేవాళ్ళు నాకు ఏటా ఒకరైనా తగులుతారు. ఐదు రెక్కల పువ్వులు మన నేల మీద తక్కువా?

గన్నేరు అనడంలో మాత్రం మనవాళ్ళ చూపును మెచ్చుకోవాలి. ఆకు వేరు, కొమ్మ వేరు, అయినా తెలుగువాళ్ళూ తమిళులూ ఇద్దరూ దీన్ని గన్నేరు పక్కనే కూర్చోబెట్టారు. వృక్షశాస్త్రం లెక్కలోనూ రెండూ ఒకే కుటుంబం. ఇప్పుడు జిల్లేడును కూడా అందులోనే కలిపారు. అవ్వ జెముడు విషయంలో ఓడింది గానీ జిల్లేడు విషయంలో గెలిచింది.

ఇక వేయివరహాలు. వరహా విజయనగరం నాటి బంగారు నాణెం, మూడున్నర గ్రాముల లోపు బరువు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు పగోడా అన్నారు. గుడినీ పగోడా అన్నారు. గుళ్ళ దగ్గర పెరిగే ఈ చెట్టు పగోడా చెట్టు అయింది. కుంఫిణీ కొలువుకొచ్చి నాలుగు రోజుల్లో సంపాదించుకుని పోయేవాణ్ణి చూసి, పగోడా చెట్టును కుదిపాడని వాళ్ళలో ఒక ఎకసెక్కం. మనవాళ్ళు చెట్టు నిండా పూలు చూసి వెయ్యి వరహాలన్నారు, వాళ్ళు నాణేలు రాలతాయని కుదిపారు. ఏ మాట ముందో, ఎవరి నోటి నుంచి ఎవరి చెవిన పడిందో తేల్చే శక్తి నాకు లేదు. మదరాసులో 1818 నుంచి వెండి రూపాయి వచ్చి పగోడాను పక్కకు నెట్టింది. నాణెం పోయి రెండు వందల ఏళ్ళు దాటినా ఇప్పటికీ పేరు చెట్టు మీదే ఉంది.

మా తిరువళ్ళూరు జిల్లా తూర్పు కొసన పులికాట్ ఉంది. పోర్చుగీసువాళ్ళు వచ్చిన రేవు, డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టిన రేవు. ఈ చెట్టు అక్కడే దిగిందని చెప్పను. కానీ ఓడకూ వరహాకూ మా ఊరు మరీ దూరం కాదని చెప్పుకోవడం నాకు ఇష్టం.

చెట్లకు పుట్టిన ఊరి పేరు నిలవదు, ఆఖరున ఓడెక్కిన రేవు పేరు నిలుస్తుంది. నా దగ్గర 'సింగపూర్' అనే తెల్లరకం ఉంది. ఆకు చివర గుండ్రం, చలికాలంలోనూ రాల్చదు. పుట్టిల్లు కరేబియన్. 1931లో సింగపూర్ నుంచి హవాయికి వెళ్ళింది కాబట్టి సింగపూర్ అయింది. మా ఇంటి సంగతీ కొంచెం అట్లాంటిదే. మా తాత నార్త్ ఆర్కాటు జిల్లాలో పుట్టాడు. 1911లో చిత్తూరు జిల్లా అయింది. నేను రెండో తరగతిలో ఉండగా, 1960 ఏప్రిల్ 1న, మా ఊరు మదరాసు రాష్ట్రంలోకి వెళ్ళి చెంగల్పట్టు జిల్లా అయింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఇల్లు మాత్రం అదే గోడల మీద ఉంది. నాయన ఉత్తరాల మీద పాత జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాయడం నాకు గుర్తు.

నా చిన్నప్పుడు మా వీధుల్లో రెండే రంగులు: గొంతులో పసుపున్న తెలుపు, గులాబీ. రకాల మోజు మాకు తర్వాత పట్టింది. పుదుచ్చేరి ఆశ్రమంలో శ్రీమాత ఈ పువ్వుకు మానసిక పరిపూర్ణత అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు. ఆ దగ్గర్లోని ఆరోవిల్‌లో మాతృమందిరం తోటల పని చూసిన రిచర్డ్ ఎగ్గెన్‌బర్గర్ తర్వాత అమెరికా వెళ్ళి, భార్య మేరీ హెలెన్‌తో కలిసి ఈ చెట్ల పెంపకం మీద పుస్తకమే రాశారు. ఇప్పుడు థాయ్‌లాండ్ అంట్లు నర్సరీలకు వస్తున్నాయి. కడియం నుంచి లారీల్లోనూ దిగుతాయి. హవాయిలో దండలకు వాడే పసుపు 'సెలడీన్', ముదురెరుపు 'స్కాట్ ప్రాట్' నా దగ్గర ఉన్నాయి. పడగ ఆకుల రకం కూడా ఉంది. ఏడాదంతా తెల్లగా పూస్తుంది, వాసన మాత్రం లేదు. దాన్ని మెట్ల కింద పెట్టాను, అంతకంటే మర్యాద చేయలేను.

ఒకసారి ఎర్ర అంటు కొని మూడేళ్ళు సాకాను. పూస్తే మా వీధి తెలుపే. అంటు ఎప్పుడో ఎండిపోయింది, కింది మోడు చిగిర్చింది. పాలు కారే చోట అంటు ముడి ఎక్కడుందో రోజూ చూడాలని అప్పుడు తెలిసింది. 2015 వానలకు పదకొండు తొట్లు పోయాయి. ఈ చెట్టును ఎండ చంపదు. మా ఊళ్ళో నలభై డిగ్రీలు దాటినా నవ్వుతూ నిలబడుతుంది. దాన్ని చంపేది కార్తీక మాసపు ముసురే. కొమ్మ బయటికి బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపల గుజ్జు. అందుకని అక్టోబరు మధ్యలో తమిళుల ఐప్పసి నెల రాగానే తొట్లన్నీ ఇటుకల మీదికెక్కిస్తాను, ఆకు రాలిన వాటికి నీళ్ళు మానేస్తాను. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనబడితే అది తుప్పు తెగులు. ఆ ఆకులు తుంచి కాల్చేయడమే.

రాత్రి డాబా మీద కూర్చుంటే వాసన గుప్పుమంటుంది. పెద్ద రెక్కల పురుగులు వచ్చి పువ్వులో ముక్కు పెట్టి వెతుకుతాయి. లోపల తేనె చుక్క ఉండదు. వాసన ఆశపెట్టి పని చేయించుకునే పువ్వు ఇది. దేవ అన్న బిరుదు ఎట్లా దక్కిందో అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. కొండ మీది మురుగన్ పువ్వు వేరే ఉంది, నల్లకలువ. తిరుత్తణికి నీలోత్పలగిరి అని పేరు తెచ్చింది అదే. ఆ హోదా దీనికి ఎవరూ ఇవ్వలేదు.

మొన్న తమిళుల మాసి నెలలో పొదటూరుపేట నుంచి ఒకావిడ వచ్చింది, మగ్గం నేసే ఇంటి కోడలు. "టీచరమ్మా, ఆ పసుపుది ఒక కొమ్మ ఇస్తావా?" అంది. మూరెడు కోసిచ్చాను. పాలు కారుతుంటే కోత మీద బూడిద అద్దాను.

"ఇంటికి పోగానే నాటేద్దునా?"

"తొందరపడొద్దమ్మా. పాలు ఆరిపోయి కోత గట్టిపడేదాకా పది రోజులు నీడలో పడెయ్. నాటినాక నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దు."

"మా అత్త చూస్తే పాలచెట్టు ఇంట్లోకి తెచ్చావని గొడవ చేస్తుంది."

"పాలు ఆరినాకే చూపించు" అన్నాను.

కొమ్మను పాత పేపర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.