ఆలస్యంగా వచ్చే అన్న

మదురైలో మీనాక్షికి అన్న అయిన విష్ణువు, అళగరు, ప్రతి ఏటా ఆలస్యంగానే వస్తాడు. తమిళుల చిత్తిరై నెలలో మీనాక్షీ సుందరేశ్వరుల కల్యాణం జరిగిపోతుంది, మర్నాడు రథాలు మాసి వీధులు చుట్టి నిలుస్తాయి. అదంతా అయ్యాక గాని, ఇరవై కిలోమీటర్ల అవతల కొండ కింద అళగర్ కోయిల్ నుంచి బయల్దేరిన అన్నగారు పున్నమి నాటి పొద్దున బంగారు గుర్రమెక్కి వైగైలో దిగడు. చెల్లెలి పెళ్లి తాను లేకుండానే అయిపోయిందని విని, అలిగి, ఊళ్లో అడుగుపెట్టకుండా వండియూరు దారి పడతాడని జనం చెప్పుకుంటారు. ఈ ఆలస్యానికి కర్త ఒక తెలుగు రాజు. 1623 నుంచి 1659 దాకా మదురైని ఏలిన తిరుమల నాయకుడికి ముందు ఇవి రెండు వేర్వేరు ఉత్సవాలు. అమ్మవారి పెళ్లి మాసి మాసంలో జరిగేది. అళగరు చిత్తిరైలో తేనూరు దగ్గర ఏట్లో దిగి, కప్పగా మారిపోయిన మునికి శాపవిమోచనం చేసి వెళ్లేవాడు. నాయకుడు పెళ్లిని చిత్తిరైకి జరిపి, అళగరు దిగే రేవును మదురైకి తెచ్చాడని స్థానికంగా చెబుతారు. మాసి కోతల కాలం, పెద్ద రథాలు లాగడానికి మనుషులు దొరికేవారు కారని కొందరంటారు. శైవులనూ వైష్ణవులనూ ఒక్కచోట చేర్చడానికే అని ఇంకొందరంటారు. రెండూ నిజమే కావచ్చు. ముని కథ మాత్రం చెరిగిపోలేదు. నేటికీ ఆ శాపవిమోచనం జరిగే మంటపాన్ని తేనూరు మంటపమనే పిలుస్తారు.

ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. అలిగిన అన్న కథ గుడి చెప్పే కథ కాదు. గుడి లెక్క ప్రకారం మీనాక్షిని ధారపోయడానికి విష్ణువు సమయానికే వస్తాడు. తిరుప్పరంకుండ్రం నుంచి పవళక్కనివాయ్ పెరుమాళ్లు వచ్చి ఆ పని పూర్తి చేస్తాడు. అళగరు ఏట్లో దిగేది మునికోసం. అంటే అలక కథకు పూజావిధిలో చోటు లేదు, అవసరమూ లేదు. అయినా మదురై నోట నిలిచింది అదే. ఎందుకు నిలిచిందంటే, పక్కపక్కన పెట్టిన రెండు ఉత్సవాల మధ్య ఒక ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో లక్షల మందికి చేయడానికి పని దొరికింది. కల్యాణం వేళ ముత్తయిదువలు తమ తాళి దారం మార్చుకుంటారు. అళగరుకు ఎదురేగి స్వాగతం పలుకుతారు. దారి పొడవునా వందల మండపాల్లో ఆయనను నిలిపి మర్యాద చేస్తారు. వేషం కట్టినవాళ్లు తోలు తిత్తుల్లో నీళ్లు నింపి ఆయన మీద చిమ్ముతారు. ఆయన కట్టుకున్న పట్టు రంగు చూసి ఆ ఏటి పంటను ఊహిస్తారు. అళగర్ కోయిల్ మీద తొ. పరమశివన్ చేసిన పరిశోధన 1989లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి పుస్తకంగా వచ్చింది. కళ్లర్లు, గొల్లలు, దళిత కులాలవారు ఈ ఉత్సవంలో ఎలా పాలుపంచుకుంటారో అందులో వివరంగా ఉంది. నీళ్లు మోసి, ఎండలో నిలబడి, ఎదురుచూసి, చివరికి పెళ్లివారిగా మారిన మనిషికి ఈ రాక ఆలస్యమైందని ఒకరు చెప్పక్కర్లేదు. రెండు రోజులుగా పెళ్లింట పని చేస్తున్నవాడు అతనే.

కథకు బలం వినేవాడికి పని ఇవ్వడంలో ఉందని నేను అనేది ఈ ఆధారంతోనే. వీడియో గేముల విషయంలో ఇదే మాట కొత్త సంగతిలా వినిపిస్తోంది గాని, నాలుగు వందల ఏళ్ల కిందటే వైగై ఒడ్డున ఇది రుజువైంది. దీనికి గట్టి ఆక్షేపణ సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌ది. కళకు రచయిత పట్టు కావాలి, ఆటగాడి చేతికి ఎంపిక ఇస్తే ఆ పట్టు జారిపోతుందని ఆయన వాదించాడు. గేములు ఎన్నటికీ కళ కాలేవని 2010లో తేల్చి చెప్పాడు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. పది ముగింపులున్న కథలో ఏ ముగింపుకూ బరువుండదన్నది చాలాచోట్ల నిజం. కానీ ఎబర్ట్ రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూశాడు. కథను మార్చే అధికారం ఒకటి, కథలో పని చేసే హక్కు మరొకటి. స్వీడన్‌లో తయారై 2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ అనే గేములో ఆటగాడికి కథ మార్చే అవకాశం లేనేలేదు. ఎడమ బొటనవేలు అన్నను నడిపిస్తుంది, కుడి బొటనవేలు తమ్ముణ్ని. నీళ్లంటే భయపడే తమ్ముణ్ని అన్న వీపున మోసి దాటిస్తుంటాడు. అన్న చనిపోయాక తమ్ముడు ఒంటరిగా ఏరు దాటాలి, కుడి చేతి మీట ఒక్కటే నొక్కితే కదలడు. అప్పుడు ఆటగాడు ఇక ఏ పనీ లేదనుకున్న అన్న మీటనే నొక్కుతాడు, తమ్ముడు ఈదుతాడు. అర్థమయ్యే మాట ఒక్కటీ లేకుండా దుఃఖం చేతికి తెలుస్తుంది. అందులో ఒక్క క్షణం కూడా రచయిత చేయి దాటిపోలేదు. మదురైలోనూ అంతే. ఎన్ని లక్షల మంది పూనుకున్నా అళగరును ముహూర్తానికి చేర్చలేరు. చేర్చలేమని తెలిసే ఎదురేగుతారు.

పాత కోయంబత్తూరు జిల్లాలోనూ, మదురైకి దక్షిణాన కరిసల్ (నల్లరేగడి) నేలల్లోనూ స్థిరపడ్డ రాజకంబళ నాయకుల దగ్గర వినేవాడి పనే కథను నిలుపుతుందనడానికి సాక్ష్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఈ తొట్టియ నాయకుల వలస గాథను ఫ్రాన్సిస్ 1906 నాటి మదుర గెజెటీరులో, థర్‌స్టన్ 1909 నాటి గ్రంథంలో నమోదు చేశారు. తమ ఆడపిల్లలను కోరినవారి నుంచి తప్పించుకుని దక్షిణానికి పారిపోతుంటే దాటరాని ఏరు అడ్డొచ్చిందట. రెండు ఒడ్డుల నుంచి రెండు కానుగ చెట్లు వంగి వంతెనయ్యాయట. అందుకే వారికి కానుగ పూజనీయం. వారి పెళ్లి ఊరి పొలిమేర బయట, పచ్చాకులతో వేసిన గుడిసెల్లో జరిగేదని కూడా ఆ గ్రంథాలు చెబుతాయి. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు పెళ్లినాడు ఊరు విడిచి ఆకుల గుడిసె ఎందుకు వేసుకునేవారు? దారిలో ఉన్న రోజులను ప్రతి కొత్త జంట చేతా మళ్లీ బతికించడానికే అని నాకు అనిపిస్తుంది. తెలుగు బడి, తెలుగు పుస్తకం అందని ఊళ్లలో వందల ఏళ్లు ఆ గాథ చెదరకుండా ఉందంటే, చెవి ఒక్కటే దాన్ని మోసి ఉండదు. దేవరాట్టమనే వారి నృత్యంలో పాట లేదు. ఉరుమి డోలు మోత, రెండు చేతుల్లో రుమాళ్లు, అడుగులు మాత్రమే. ఉడుమలైపేట ప్రాంతంలో సలగెరుదు ఆట మరీ విచిత్రం. పొంగలి నాడు పుట్టిన కోడెదూడను సోమవారపట్టి ఆల్కొండమాల్ గుడికి మొక్కి వదులుతారు, కాడి కట్టరు. పెద్దయ్యాక ఉరుమి దరువుకు ఎదుట వెదురు కర్రలు పట్టి ఆడేవాణ్ని అనుసరిస్తూ అది ఆడుతుంది. ఎద్దు ఎప్పుడు ఎటు తిరుగుతుందో ముందే రాసిపెట్టడం ఎవరివల్లా కాదు. ఆ మాత్రపు అనిశ్చితి వల్లే అక్కడ నిలబడ్డ ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

ఉత్సవం భక్తి, గేము కాలక్షేపం, రెంటినీ కలపడం తగదని కొందరు నొచ్చుకోవచ్చు. నేను వాటి విలువను సమానం చేయడం లేదు, అవి మనిషి మీద పనిచేసే తీరును పోలుస్తున్నాను. ఉత్సవం రాజు అవసరానికి పుట్టింది గదా, జనం పాత్ర ఉత్తిదే కదా అనే మాటకు కొంత బలముంది. తిరుమల నాయకుడికి కావలసింది రథాలు లాగే చేతులు, తన ఏలుబడికి మెచ్చే జనం. కానీ ఆయన కోరినది ఒకటి, దక్కినది మరొకటి. రాజు ఉత్సవాలను కలిపాడు, అలక మాత్రం జనం కట్టుకున్నారు. ఆ అలక కథలో రాజుకు చోటే లేదు.

గేములు తయారుచేసేవాళ్లలో ఈ ఎరుక ఉన్నవారు కనిపిస్తున్నారు. కెనడాలో స్థిరపడ్డ తమిళ కుటుంబం మీద టొరంటోలోని విసై గేమ్స్ 2023లో ‘వెన్బా’ తెచ్చింది. తల్లి నుంచి వచ్చిన వంట పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగి ఉంటుంది. ఇడ్లీ ఎలా పెట్టాలో, బిరియానీ ఏ వరుసలో పేర్చాలో ఆటగాడే తంటాలుపడి పూరించుకోవాలి. కొడుకు భాషకు దూరమవుతున్న సంగతి మాటల్లో కంటే ఆ చిరిగిన పేజీ దగ్గరే గట్టిగా తగులుతుంది. కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్లలో పిల్లలు తమిళంలో చదివి, తమిళంలో రాసి, అవ్వతో మాత్రం తెలుగు మాట్లాడతారు. రాజకంబళ గాథను అలాంటి పిల్లల కోసం గేముగా చేయదలచినవాళ్లు ముందు ఏరు, వెంటపడినవాళ్లు, వంగిన చెట్లు గీసి చూపించాలనుకుంటారు. అలా కాక, ఆకుల గుడిసెను పిల్లవాడి చేతనే వేయించడం దగ్గర మొదలుపెడితే గాథ మిగతాది తనే నడిపించుకుంటుంది.